రోజుకో రూపాయి

నా నోరు మంచిది కాదని గుంటూరు మిర్చి యార్డు మొత్తానికి తెలుసు. ఇరవై రెండేళ్ళుగా ఒకే కమీషన్ దుకాణంలో లెక్కలు చూస్తున్నదాన్ని. సీజనులో రోజుకు మూడొందల మంది రైతులు కౌంటర్ మీద పడి "నాదేమైందమ్మా, నాదేమైందమ్మా" అంటుంటే, మెత్తగా మాట్లాడుతూ కూర్చుంటే పని తెమలదు. కరీమున్ కంటే మిరపకాయ నయం అని హమాలీలు వెనకాల నవ్వుకుంటారు. నవ్వుకోనీ, నాకేం. కానీ ఈ మార్చి నెలలో జరిగింది చెప్పాలంటే మాత్రం నా నోటి సంగతితోనే మొదలుపెట్టాలి. తప్పంతా అక్కడే ఉంది.

మా దుకాణానికి ఒక పద్ధతి ఉండేది. దుకాణం యజమాని, పెద్దాయన సీతారామాంజనేయులు గారు పెట్టిన పద్ధతి అది. రైతు చేతిలో డబ్బు పెట్టాక, రైతు పైకి "ముట్టింది" అనాలి. సంతకం పెట్టినా, వేలిముద్ర వేసినా, ఆ మాట నా చెవిన పడితేనే పద్దు మూయాలి. చెక్కుల కాలం వచ్చినా అంతే. చెక్కు మారాక రైతు మళ్ళీ ఎప్పుడు యార్డుకు వస్తే అప్పుడు వచ్చి "ముట్టిందమ్మా" అని చెప్పి పోయేవాడు. అప్పటిదాకా ఆ పద్దు తెరిచే ఉండేది. ఘాటుకు పెద్దాయన ఊపిరితిత్తులు పాడైతే, డాక్టర్లు యార్డు వైపే వెళ్ళొద్దన్నారు. ఆయన సముద్రపు గాలికని వాడరేవులో ఇల్లు తీసుకుని ఉండిపోయారు. దుకాణం కూతురు భానుశ్రీ చేతికొచ్చింది.

భానుశ్రీ చదువుకున్న పిల్ల. వచ్చీ రాగానే నేరుగా బ్యాంకుతోనే మాట్లాడింది. అంతకుముందు నేను బ్యాంకు వెబ్‌సైటులో ఒక్కొక్క పేరూ ఎక్కించి, ఫోనుకు వచ్చిన అంకెలు కొట్టి, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచి ఏడ్చేదాన్ని. అది పడలేకే సగం మందికి చెక్కులు రాసేవాళ్ళం. ఇప్పుడు మా కంప్యూటరుకూ బ్యాంకు కంప్యూటరుకూ మధ్య నేరుగా దారి వేశారు. రోజూ పదకొండు ఇరవైకి నేను జాబితా వదిలితే చాలు, నిమిషంలో మూడొందల ఖాతాల్లో డబ్బు పడుతుంది. ఎవరిది పడిందో ఎవరిది తిరిగొచ్చిందో ఆ వెంటనే తిరుగు జాబితా వస్తుంది. కొత్త పేరు ఎక్కించేటప్పుడు మాత్రం ముందు ఒక్క రూపాయి పంపి చూడాలి. ఆ ఖాతా ఎవరి పేరున ఉందో బ్యాంకు చెబుతుంది. చూసుకుని సరే అని నొక్కితే, ఆ పేరు పక్కన పచ్చ గుర్తు పడి, శాశ్వతంగా ఉండిపోతుంది.

ఇంకో సంగతి. యార్డులో మనుషులకు పేర్లతో పనిలేదు. బస్తా మీద రంగుతో వేసిన మార్కే మనిషి. మా జాబితా కూడా మార్కుల ప్రకారమే. నేను మార్కు కొడితే మా పుస్తకాల్లో ఉన్న పేరూ, ఎక్కించిన ఖాతా నంబరూ వాటంతటవే పడతాయి.

కిందటి ఆగస్టులో బ్యాంకు నుంచి నాగచైతన్య అనే కుర్ర ఆఫీసరు వచ్చి ఇదంతా బిగించాడు. "ఒక్కసారి రూపాయి పంపి చూద్దాం మేడమ్. ఏదో ఒక మార్కు, ఏదో ఒక నంబరు చెప్పండి" అన్నాడు. గుమ్మంలో కాళ్ళు తుడుచుకోవడానికి వేసిన పాత గోతం మీద మా పాత రైతు బుడే మార్కు కనపడింది, బి.కె. అని, కింద చుక్క. అదే చెప్పాను. నంబరుకు నా చేతిసంచిలో ఉన్న పాత పాస్‌బుక్కు తీసి చదివాను. రూపాయి వెళ్ళింది, పేరు తిరిగొచ్చింది, అది చదవకుండానే నాగచైతన్య సరే అని నొక్కాడు, పచ్చ గుర్తు పడింది. భానుశ్రీ స్వీట్లు తెప్పించింది. ఆ రోజే నేను, "ఇక మీదట బ్యాంకే చెబుతుంటే రైతు చెప్పేదేంటి?" అని "ముట్టింది" పద్ధతి ఎత్తేశాను. పెద్దాయన ఉంటే ఒప్పుకునేవారు కాదు. ఆయన లేరుగా, నాదే రాజ్యం.

ఫిబ్రవరి చివర్లో ఒక మంగళవారం బుడే డెబ్భై టిక్కీలు, అంటే డెబ్భై బస్తాల కాయ తెచ్చాడు. పర్చూరు పక్క పల్లెటూరు, నాలుగెకరాల కౌలు రైతు. ఇరవై ఏళ్ళుగా మా దుకాణానికే వేస్తాడు, నేను బాబాయ్ అని పిలుస్తాను. ఖర్చులు పోను మూడు లక్షల డెబ్భై రెండు వేల నాలుగొందలు తేలింది. ఎప్పుడూ చెక్కు తీసుకునే మనిషి, ఈసారి జేబులోంచి పాస్‌బుక్కు తీయబోయాడు. నేను అప్పటికే మార్కు కొట్టాను. పేరు పడింది, నంబరు పడింది, పచ్చ గుర్తు కూడా ఉంది.

"అక్కర్లేదులే బాబాయ్, నీ పేరు ఎప్పుడో ఎక్కింది" అన్నాను.

పదకొండు ఇరవైకి జాబితా వదిలాను. మూడొందల పన్నెండు మందికీ జమ అయినట్టు తిరుగు జాబితా వచ్చింది. బుడే గుమ్మం పక్క బెంచీ మీద కూర్చున్నాడు. సాయంత్రం దాకా కూర్చున్నాడు.

"ఫోను మోగలా అమ్మా. ఇంకా ముట్టలా" అన్నాడు.

"పడిందని బ్యాంకే చెబుతుంటే నీ ఫోను సంగతి నాకెందుకు బాబాయ్? ఇంటికెళ్ళు."

మరుసటి రోజు మళ్ళీ వచ్చాడు. ఆ మరుసటి రోజూ వచ్చాడు. అరవడు, అడగడు. సరిగ్గా పదకొండు ఇరవైకి మాత్రం లోపలికి తొంగి చూసి "ముట్టలా అమ్మా" అనేవాడు. మూడో రోజు నాకు ఒళ్ళు మండింది. జనం అందరి ముందూ, "నీకు వయసు మీదపడి మతి పోయింది. ముందు ఆ బెంచీ ఖాళీ చెయ్యి" అన్నాను. ఆయన తువ్వాలు దులుపుకుని లేచాడు. ఆ మర్నాడు, శుక్రవారం, మళ్ళీ గుంటూరుకే వస్తూ, చిలకలూరిపేట దగ్గర బస్సులో గుండె ఆగి చనిపోయాడు. జేబులో పాస్‌బుక్కు ఉందట.

బాధపడ్డాను, లేదనను. కానీ నా తప్పుందని మాత్రం అనుకోలేదు. జాబితా నా పక్షాన ఉంది.

సోమవారం వచ్చి దుకాణం ఖాతా తెరిస్తే, అందులో మూడు రూపాయలు అదనంగా ఉన్నాయి. శనివారం ఒకటి, ఆదివారం ఒకటి, ఆ పొద్దున ఒకటి. మూడూ పదకొండు ఇరవైకే వచ్చాయి. పంపినవాళ్ళ పేరు ఉండాల్సిన చోట ఖాళీ. మాకు డబ్బు వచ్చేది వ్యాపారుల దగ్గర్నుంచి, లక్షల్లో. రూపాయి పంపేవాడెవడు? మంగళవారం ఇంకోటి వచ్చింది, బుధవారం ఇంకోటి. నాగచైతన్యకు ఫోన్ చేస్తే, వెతికి వెతికి, "ఇలా పేరు లేకుండా రావడం కుదరదు మేడమ్. నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు. అతని గొంతు కూడా కాస్త తగ్గింది.

యార్డు గురించి తెలియనివాళ్ళకు ఒకటి చెప్పాలి. ఇక్కడ దగ్గు ఆగదు. కాయ గుమ్మరిస్తుంటే ఘాటు లేచి, వేలమంది ఒకరి తర్వాత ఒకరు దగ్గుతూనే, తుమ్ముతూనే ఉంటారు. ఇరవై రెండేళ్ళలో ఆ చప్పుడు లేని నిమిషం నేను వినలేదు. ఆ బుధవారం విన్నాను. పదకొండు ఇరవైకి జాబితా వదలగానే దగ్గు ఆగిపోయింది. మా దుకాణంలోనే కాదు, వరస మొత్తం. హమాలీలు బస్తాలు మోస్తున్నారు, కాటాలు ఊగుతున్నాయి, నోళ్ళు కదులుతున్నాయి, కానీ ఒక్క దగ్గు లేదు. నిమిషం తర్వాత ఎవరో దూరంగా తుమ్మారు, అంతా మళ్ళీ మొదలైంది. "విన్నావా?" అని భానుశ్రీని అడిగాను. "ఏం వినాలి ఆంటీ?" అంది.

అప్పట్నుంచి రోజూ అంతే. జాబితా వదిలే ముందు గడియారం వైపే చూసేదాన్ని.

గురువారం బుడే భార్య మస్తాన్‌బీ వచ్చింది. భర్త పోయి వారం కూడా కాలేదు. తెల్ల ముసుగు, చేతిలో భర్త పాస్‌బుక్కు. గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మా కరీమూ, డబ్బు ఇంకా పడలేదంట. ఉగాదిలోపు కౌలు కట్టకపోతే ఆసామి చేను ఇంకొకళ్ళకు ఇచ్చేస్తానన్నాడు. నాకు ఆ నాలుగెకరాలు తప్ప ఏముంది? ఇదిగో, ఈ పుస్తకం ఒక్కసారి చూడు."

పుస్తకం నా వైపు చాపింది. తీసుకుని తెరిచి ఉంటే, ఆ నంబరు నా జాబితాలోని నంబరు కాదని ఒక్క చూపులో తెలిసేది. నేను తీసుకోలేదు. నాలుగు రోజుల భయమంతా కోపమై నోట్లోకి వచ్చింది.

"బ్యాంకు పడిందన్నాక నీ పుస్తకం నాకెందుకు పిన్నీ? ఆ డబ్బు ఎవరు తిన్నారో మీ ఇంట్లో వెతుక్కోండి!"

ఆవిడ ఏడవలేదు. పుస్తకాన్ని కొంగులో చుట్టుకుని, బెంచీ మీద కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. ఎండలో నిలబడ్డారు గానీ దాని జోలికి పోలేదు. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు.

శనివారం యార్డుకు సెలవు. ఆనందపేటలో మా ఇంట్లో ఒక్కదాన్నే బియ్యం ఏరుతున్నాను. బీరువాలోంచి ట్రింగ్ మని చిన్న చప్పుడు వచ్చింది. గడియారం చూస్తే పదకొండు ఇరవై. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. మా ఆయన ఇమాం హుస్సేన్ ఫోనుకు మెసేజ్ వస్తే అలాగే మోగేది. ఆయన ఇదే యార్డులో కాటా వేసేవారు. పోయి ఆరేళ్ళయింది. బీరువా తెరిచి, ఆయన లుంగీలో చుట్టి పెట్టిన బటన్ల ఫోను తీశాను. వెనక మూత ఊడదీసి చూశాను. లోపల బ్యాటరీ లేదు. ఉబ్బిపోయిందని నేనే ఎప్పుడో పారేశాను.

ఆదివారం కూడా అదే వేళకు మోగింది. ఈసారి బీరువా తెరవలేదు. మంచం మీద ముడుచుకుని కూర్చుని ఆయన్నే తలచుకున్నాను. ఆయన కాటాలో పావు కిలో తేడా వచ్చినా ఊరుకునేవారు కాదు. ఒకసారి కిరాణా కొట్లో పది రూపాయలు ఎక్కువిచ్చారని అన్నం ముందు నుంచి లేచి వెళ్ళి ఇచ్చొచ్చారు. "పరాయి సొమ్ము ఇంట్లో ఉంటే నాకు ముద్ద దిగదే" అనేవారు. నేనేమో "పది రూపాయలకేనా?" అని దెప్పేదాన్ని.

ఇంకో వారం అలాగే గడిచింది. ఉగాదికి రెండు రోజులుంది. మంగళవారం. కొత్తగా వచ్చిన ఒక రైతు, వినుకొండ వైపు మనిషి, ఎండకు సొమ్మసిల్లేలా ఉన్నాడు.

"ఆ బెంచీ మీద కూర్చోరాదా అయ్యా" అన్నాను.

అతను అటు చూసి, నన్ను వింతగా చూశాడు. "ఇద్దరు పెద్దమనుషులు కూర్చునుంటే నన్నెక్కడ కూర్చోమంటావమ్మా?"

ఎండ బెంచీ మీద సూటిగా పడుతోంది. ఎవరూ లేరు. ఒకరైతే బుడే అనుకునేదాన్ని. ఆ రెండోవాళ్ళెవరు? గడియారం పదకొండు ఇరవై చూపిస్తోంది. దగ్గు ఆగిపోయింది. తెర మీద పద్దెనిమిదో రూపాయి వచ్చి పడింది.

ఒక్క రూపాయి. రూపాయి దేనికి పంపుతాం మనం? ఖాతా ఎవరిదో తెలుసుకోవడానికి. పద్దెనిమిది రోజులుగా నన్ను ఎవరో అదే చెయ్యమంటుంటే, నేను చెవులు మూసుకుని కూర్చున్నాను.

బి.కె. మార్కు కొట్టాను. పచ్చ గుర్తు ఉన్నా సరే, ఆ నంబరుకు మళ్ళీ రూపాయి పంపాను. రెండు క్షణాలు తెర తెల్లగా ఉంది. తర్వాత ఖాతాదారు పేరు వచ్చింది.

షేక్ ఇమాం హుస్సేన్.

సంచిలోంచి పాత పాస్‌బుక్కు తీసి నంబరు సరిచూశాను. ఆరేళ్ళుగా ఖాతా మూయించకుండా, ఆయన చెయ్యి తగిలిన వస్తువని సంచిలో పెట్టుకు తిరుగుతున్న ఆయన పాస్‌బుక్కు. ఆగస్టులో నేను చదివి చెప్పిన నంబరు దానిదే. పరీక్షకు ఎక్కించిన ఆ వరసను జాబితాలోంచి తీసేయాలని నాకు తట్టలేదు. బుడే మార్కు, బుడే పేరు, మా ఆయన ఖాతా. బుడే మూడు లక్షల డెబ్భై రెండు వేల నాలుగొందలూ నా సంచిలోనే తిరుగుతున్నాయి. ఎవరు తిన్నారో మీ ఇంట్లో వెతుక్కోండి అన్నాను నేను. ఆ ఇల్లు నాదే. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

భానుశ్రీ గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. "ముందు ఆవిడకు దుకాణం డబ్బు పంపండి ఆంటీ. మీ ఆయన ఖాతా సంగతి తర్వాత" అంది. నేనే మస్తాన్‌బీకి ఫోన్ చేశాను.

"పిన్నీ, కరీమున్ని."

ఆవిడ అడిగేలోపే చెప్పేశాను.

"తప్పు నాది పిన్నీ. డబ్బు మా ఇంట్లో ఉంది. మా ఆయన ఖాతాలో పడింది."

"ఆయన పోయాడుగా?"

"పోయారు."

"మా ఆయనా పోయాడు" అంది. అంతే అంది.

ఆవిడ డ్వాక్రా పుస్తకంలో నంబరును పక్కింటి పిల్ల చదివింది. రూపాయి పంపాను, మస్తాన్‌బీ పేరే వచ్చింది. మొత్తం పంపాను. తిరుగు జాబితాలో జమ అని వచ్చింది. నేను నమ్మలేదు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, "ముట్టిందా పిన్నీ?" అని అడిగాను. పక్కింటి పిల్ల మెసేజ్ చదవడం వినపడింది.

"ముట్టింది. రేప్పొద్దున్నే కౌలు కట్టేస్తా" అంది మస్తాన్‌బీ. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మూడు రోజులు మీ గుమ్మంలో కూర్చున్నాడు గదమ్మా. ఆ పుస్తకం అప్పుడే చూసుంటే నీ సొమ్మేం పోయేది?"



బుధవారం పదకొండు ఇరవైకి జాబితా వదిలి, చెవులు రిక్కించి కూర్చున్నాను. దగ్గు ఆగలేదు. రూపాయి రాలేదు. ఎవరో రైతు బెంచీ మీద కాళ్ళు చాపుకుని బీడీ వెలిగించాడు. మామూలప్పుడైతే నానా తిట్లూ తిట్టేదాన్ని. ఆ రోజు కూర్చోనిచ్చాను.

పండగ అయ్యాక, మా ఆయన చనిపోయిన కాగితాలన్నీ పట్టుకుని, ఆ డబ్బు తీసి దుకాణానికి కట్టడానికి ఆయన బ్యాంకుకు వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి పాస్‌బుక్కును మిషనులో పెట్టింది. అది కర్రు కర్రుమని చాలాసేపు కొట్టింది. ఆ అమ్మాయి పుస్తకం తీసి చూసి, కనుబొమలు ముడిచింది.

"ఆరేళ్ళుగా ఎవరూ ముట్టుకోని ఖాతా అన్నారు. కార్డు లేదు, చెక్కుబుక్కు లేదు. మరి దీన్నుంచి రోజూ ఎవరు పంపుతున్నారండీ?"

పుస్తకం నా చేతికిచ్చింది. ఫిబ్రవరిలో పడిన పెద్ద మొత్తం కింద, నేను పరీక్షకు పంపిన రూపాయి పోను, పద్దెనిమిది వరసలు. పద్దెనిమిది తేదీలు. ప్రతి తేదీ ఎదుటా ఒక్క రూపాయి, మా దుకాణం ఖాతాకు.

ఇదంతా బుడే పనేనని భయపడ్డాను ఇన్నాళ్ళూ. పాపం, ఆ మనిషి బెంచీ మీద కూర్చుని చూడటం తప్ప ఏం చెయ్యగలడు? పంపింది మా ఆయన. పరాయి సొమ్ము వచ్చి తన పేరున పడిందని, చేతికి అందినంత, రోజుకో రూపాయి, తిరిగి ఇచ్చేస్తూ వచ్చారు. నాలుగొందలకే ఏడాది దాటుతుంది. మొత్తం తీరాలంటే వెయ్యేళ్ళకు పైనే పడుతుంది. నేను కళ్ళు తెరవకపోతే వెయ్యేళ్ళూ ఆయన ముద్ద దిగకుండా అలా పంపుతూనే ఉండేవారు.

కౌంటర్ అమ్మాయి జవాబు కోసం చూస్తోంది. వెనక వరసలో జనం విసుక్కుంటున్నారు. పద్దు మూయాలంటే ఎవరో ఒకరు ఆ మాట పైకి అనాలి. పాస్‌బుక్కును రెండు చేతులతో పట్టుకుని, అందరూ వింటుండగా ఆయనతో అన్నాను.

"ముట్టిందండీ. అంతా ముట్టింది."